నాలుగు సీసాలు – ఒకటే కొలత

మనం అంగడికి పోతాం. లీటరు నూనె సీసా కొంటాం. సీసా మీద "1 లీటరు" అని రాసి ఉంటుంది. డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకుంటాం.

ఆ సీసాలో నిజంగా లీటరు నూనె ఉందా? దాన్ని ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు?

వెనకటి రోజుల్లో నూనె మన కళ్ళ ముందే కొలిచేవారు. గిద్ద, సోల, తవ్వ, మానిక అని కొలతలుండేవి. ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానికతో సరిపోయేది కాదు. 1958 నుంచి మన దేశంలో కిలో, లీటరు కొలతలు విడతల వారీగా వచ్చాయి. ఇప్పుడు దేశమంతా లీటరు ఒకటే.

కానీ ఇప్పుడు నూనె మన ముందు కొలవరు. ఎక్కడో కొలిచి, సీసాలో పోసి, మూత బిగించి పంపుతారు. అక్కడ కొలిచేది మర. ఒక్కసారే నాలుగు సీసాలు, ఎనిమిది సీసాలు నింపే మరలు ఉన్నాయి. ఆ మర ఎలా పనిచేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

చేత్తో నింపితే...

అనంతపురం జిల్లాలో వేరుశనగ బాగా పండుతుంది. అక్కడ ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. బ్యాంకులో అప్పు తీసుకుని గానుగ కొన్నారు. నూనె తీసి, సీసాల్లో పోసి అమ్మసాగారు. నెలకు 500 సీసాలు అమ్ముడయ్యేవి.

ఆ సంఘంలో ఒక అత్తా కోడలు ఉన్నారు. అత్త సంఘం పెద్ద. ఆమె నడివయసులో రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది. కోడలు పదో తరగతి దాకా చదివింది. లెక్కల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది.

మొదట్లో అందరూ చేత్తోనే నింపేవారు. లీటరు డబ్బాతో ముంచడం, గరాటు పెట్టి సీసాలో పోయడం. ఒకరు డబ్బా అంచు దాకా ముంచేవారు. ఇంకొకరు కాస్త తక్కువగా ముంచేవారు. డబ్బా గోడలకు కొంత నూనె అంటుకునేది. కొంత కింద ఒలికేది. తొందరలో నురుగు కూడా కొలతలోకి వచ్చేది.

ఒకరోజు ఒకామె సీసా తిరిగి తెచ్చింది. "మా పక్కింటామె సీసా కన్నా నా సీసాలో తక్కువ ఉందక్కా" అంది. అత్తకు తల కొట్టేసినట్టయింది.

కోడలు పది సీసాలు తూకం వేసింది. ఖాళీ సీసా బరువు తీసేసి నూనె బరువు రాసింది. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కానీ ఒక సీసాలో 890 గ్రాములే ఉంది. ఇంకో దాంట్లో 940 ఉంది. పది సీసాల నూనె కలిపితే 9 కిలోల 190 గ్రాములు వచ్చింది. ఉండాల్సింది 9 కిలోల 100 గ్రాములు.

"అత్తా, కొన్నిటిలో తక్కువ పోశాం. కొన్నిటిలో ఎక్కువ పోశాం. మొత్తం మీద ఎక్కువే పోశాం. పది సీసాలకు 90 గ్రాములు మన చేతినుంచి పోయింది" అంది కోడలు.

"అంటే తక్కువ వచ్చినామెకు అన్యాయం. ఎక్కువ పోసినందుకు మనకు నష్టం. రెండూ జరిగినాయన్న మాట!" అంది అత్త.

సంఘంలో మాట్లాడుకున్నారు. నాలుగు సీసాలు ఒకేసారి నింపే చిన్న మర కొన్నారు. దానికోసం ఇంకో అప్పు చేశారు.

మరలో ఏముంది?

సూది మందు వేసే సిరంజి మీరు చూసే ఉంటారు. లోపలి కాడను వెనక్కి లాగితే మందు సిరంజిలోకి వస్తుంది. ముందుకు నెడితే మందు బయటికి పోతుంది. ఎంత లాగితే అంతే మందు వస్తుంది.

నూనె నింపే మర కూడా అంతే. దాంట్లో నాలుగు పెద్ద సిరంజిలు ఉన్నాయనుకోండి. దాని భాగాలు ఇవి:

1. తొట్టి: పైన ఉంటుంది. ఇందులో నూనె పోస్తారు.

2. గొట్టాలు: స్టీలువి, నాలుగు. వీటిని సిలిండర్లు అంటారు.

3. పిస్టన్లు: ఒక్కో గొట్టంలో ఒక్కోటి. ఇవి ముందుకు, వెనక్కి కదులుతాయి. నాలుగు పిస్టన్లూ ఒకే అడ్డకమ్మీకి బిగించి ఉంటాయి. కమ్మీ కదిలితే నాలుగూ ఒకేసారి, ఒకే దూరం కదులుతాయి.

4. వాల్వులు: ఇవి తలుపుల్లాంటివి. నూనెను ఒక దారిన రానిచ్చి, ఇంకో దారిన పోనిస్తాయి.

5. ముక్కులు: వీటిని నాజిల్ అంటారు. ఇవి సీసా మూతిలోకి దిగుతాయి. నూనె వీటిగుండా సీసాలో పడుతుంది.

పని ఇలా జరుగుతుంది. పిస్టన్ వెనక్కి పోతుంది. తొట్టి వైపు వాల్వు తెరుచుకుంటుంది. తొట్టిలోంచి నూనె గొట్టంలోకి వస్తుంది. తర్వాత ఆ వాల్వు మూసుకుంటుంది. సీసా వైపు వాల్వు తెరుచుకుంటుంది. పిస్టన్ ముందుకు వస్తుంది. గొట్టంలోని నూనె సీసాలో పడుతుంది.

కొలత ఎక్కడుంది? పిస్టన్ కదిలే దూరంలో ఉంది. గొట్టం లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకోండి. అప్పుడు పిస్టన్ సుమారు 12 సెంటీమీటర్ల 7 మిల్లీమీటర్లు కదిలితే లీటరు నూనె వస్తుంది. అర లీటరు కావాలంటే అందులో సగం దూరం కదలాలి. ఈ దూరాన్ని మార్చడానికి ఒక మరచుట్టు ఉంటుంది. దాన్ని తిప్పి బిగిస్తారు.

ఇక్కడ జాగ్రత్త కావాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చాలు, సీసాలో సుమారు 8 మిల్లీలీటర్ల తేడా వస్తుంది. మర పెద్దదే. కానీ దాని కొలత అంతా ఆ చిన్న మరచుట్టులో ఉంది.

మూడో సీసాలో తక్కువ

మర బిగించడానికి మెకానిక్ వచ్చాడు. మొదటి నాలుగు సీసాలు నింపాడు. అందరూ సంతోషించారు. నాలుగు సీసాలూ ఒకేలా కనిపించాయి.

కోడలు మాత్రం సీసాలను తక్కెడ మీద పెట్టింది. మూతతో ఖాళీ సీసా బరువు 30 గ్రాములు. కాబట్టి నిండు సీసా 940 గ్రాములు ఉండాలి. మొదటి సీసా 940. రెండోది 941. మూడోది 925. నాలుగోది 940.

"నాయనా, మూడో దాంట్లో 15 గ్రాములు తక్కువుంది. కంటికి తెలియలేదు" అంది అత్త.

మెకానిక్ చూశాడు. "మూడో గొట్టంలో గాలి ఉందమ్మా. గాలి ఉన్న చోట నూనె ఉండదు కదా! అందుకే తగ్గింది. రోజూ పని మొదలుపెట్టేటప్పుడు నాలుగైదు సార్లు నూనె వదిలి, దాన్ని మళ్ళీ తొట్టిలోనే పోయండి. గాలి పోతుంది. ఆ తర్వాతే సీసాలు పెట్టండి" అన్నాడు.

అతను ఇంకో నాలుగు మాటలు చెప్పాడు:

• తొట్టిలో నూనె అడుగంటనీయకండి. అడుగంటితే గాలి పోతుంది.

• పిస్టన్ చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. అది అరిగితే నూనె వెనక్కి కారుతుంది. అప్పుడు కొలత తగ్గుతుంది. రింగు మార్చుకోవాలి.

• ముక్కునుంచి చుక్కలు కారుతుంటే వాల్వు చూడండి.

• మరను కడిగినప్పుడు బాగా ఆరనీయండి. తడి తగిలితే నూనె చెడిపోతుంది.

"ఇంకో సంగతమ్మా. సీసాలో నూనె ఎంత ఎత్తుకు వచ్చిందో చూసి కొలత చెప్పకండి. ప్లాస్టిక్ సీసాలు అన్నీ ఒక్కలా ఉండవు. ఒకటి కాస్త ఉబ్బి ఉంటుంది. నూనె సరిగ్గానే ఉన్నా మట్టం దిగినట్టు కనిపిస్తుంది. తూకమే నమ్మండి" అన్నాడు.

మధ్యాహ్నం ఏమైంది?

పది రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున తూకం వేస్తే నాలుగు సీసాలూ సరిగ్గా ఉన్నాయి. మధ్యాహ్నం వేస్తే నాలుగూ తగ్గాయి. 940 ఉండాల్సినవి 930 ఉన్నాయి.

"మళ్ళీ గాలి పోయిందేమో!" అంది ఒకామె.

కోడలు ఆలోచించింది. "గాలి పోతే ఒక గొట్టంలో పోతుంది. రింగు అరిగితే ఒకటి అరుగుతుంది. అప్పుడు ఒక్క సీసానే తగ్గాలి. నాలుగూ ఒకేలా తగ్గాయంటే కారణం నాలుగిటికీ ఒకటే అయ్యుండాలి" అంది.

ఈ మాట గుర్తుపెట్టుకోవాల్సింది. ఒక్క సీసాలో తేడా వస్తే ఆ గొట్టాన్ని చూడాలి. అన్నిటిలో ఒకేలా తేడా వస్తే నూనెను చూడాలి, లేదా ఆ మరచుట్టును చూడాలి.

మరచుట్టు కదల్లేదు. మరి నూనె? నూనె డ్రమ్ము రేకుల షెడ్డు కింద ఉంది. ఎండ మండిపోతోంది. అత్త నూనెలో గరిటె పెట్టి చూసింది. నూనె వెచ్చగా ఉంది.

కారణం అదే. బండి చక్రానికి ఇనుప పట్టా ఎలా వేస్తారో మీకు తెలుసు. పట్టాను నిప్పుల్లో కాలుస్తారు. కాలితే అది సాగుతుంది. అప్పుడు చక్రానికి తొడుగుతారు. చల్లారితే బిగుసుకుంటుంది. వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి. నూనె కూడా అంతే. వేడెక్కిన నూనె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కానీ దాని బరువు పెరగదు.

మర కొలిచేది చోటును. బరువును కాదు. గొట్టంలో పట్టేంత నూనె తీసుకుని సీసాలో పోస్తుంది. వేడి నూనె అయితే అంత చోటులో తక్కువ గ్రాములే పడతాయి. 15 డిగ్రీల వేడి పెరిగితే లీటరుకు సుమారు 10 గ్రాములు తగ్గుతుంది.

ఆ రోజునుంచి డ్రమ్మును నీడలో పెట్టారు. సీసాలు పొద్దున పూటే నింపుతున్నారు. గంటకోసారి నాలుగు సీసాలు తూకం వేసి పుస్తకంలో రాస్తున్నారు. చీటీ మీద "1 లీటరు" అనీ, "910 గ్రాములు" అనీ రెండూ వేస్తున్నారు.

ఇది చిన్న ఊరి సంగతి మాత్రమే కాదు. దేశమంతా ఈ తేడా ఉండేది. కొన్ని నూనె ప్యాకెట్ల మీద "60 డిగ్రీల వేడి దగ్గర 1 లీటరు" అనే లెక్కన కొలత వేసేవారు. మన వంటింట్లో నూనె 60 డిగ్రీల వేడిగా ఉండదు కదా! లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర సుమారు 919 గ్రాములు తూగుతుంది. 60 డిగ్రీల లెక్కన అయితే సుమారు 893 గ్రాములే. కొన్నవాళ్ళకు 26 గ్రాములు తగ్గినట్టే. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం నూనె కంపెనీలకు ఒక మాట చెప్పింది. ప్యాకెట్ మీద డిగ్రీల మాట వేయకూడదు. లీటర్లతో పాటు బరువు కూడా వేయాలి. ఆ రెండూ సరిపోవాలి. దీనికి 2023 జనవరి 15 దాకా గడువు ఇచ్చింది.

వ్యాపారి సలహా

నెలాఖరు వచ్చింది. బ్యాంకు కంతు కట్టాలి. డబ్బులు కొంచెం తక్కువ పడ్డాయి. అప్పుడే సీసాలు తీసుకునే వ్యాపారి వచ్చాడు.

"అక్కా, లీటరు సీసాలో 15 మిల్లీలీటర్ల దాకా తేడా వస్తే చట్టం ఊరుకుంటుంది. మీరు మరచుట్టు రెండు మిల్లీమీటర్లు తిప్పండి చాలు. సీసాకు 15 మిగులుతుంది. 500 సీసాలకు ఏడున్నర లీటర్లు. లీటరు 200 అనుకున్నా 1,500 రూపాయలు. ఎవరికీ తెలియదు" అన్నాడు.

కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కంతు గండం గడుస్తుంది కదక్కా" అంది ఒకామె మెల్లగా.

అత్త ఇలా అంది: "బస్సు ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైతే సర్దుకుంటాం. డ్రైవరు రోజూ కావాలనే పది నిమిషాలు ఆలస్యంగా వస్తానంటే ఒప్పుకుంటామా? చట్టం ఇచ్చింది పొరపాటుకు చోటు. దొంగతనానికి కాదు."

"పదిహేను మిల్లీలీటర్లు ఎంతనుకున్నారు? ఇంట్లో ఒక పూట తిరగమోత. మన సీసా కొనేది మన కూలోళ్ళే. ఒకామె సీసా తిరిగి తెచ్చినప్పుడు నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. అది మన చేతి పొరపాటు. ఇప్పుడు చేసేది పొరపాటు కాదు."

కోడలు లెక్కల పుస్తకం తీసింది. "అత్తా, చేత్తో నింపినప్పుడు సీసాకు 9 గ్రాములు, అంటే సుమారు 10 మిల్లీలీటర్లు ఎక్కువ పోయేది. 500 సీసాలకు 5 లీటర్లు. మర వచ్చాక ఆ 5 లీటర్లు మనకు మిగులుతున్నాయి. అంటే నెలకు వెయ్యి రూపాయలు. కొలత సరిగ్గా పెట్టుకుంటేనే ఈ వెయ్యి వచ్చింది. ఎవరి సీసాలోంచీ తీసింది కాదు" అంది.

మిగిలిన డబ్బు పదిమందీ తలా కొంచెం వేసుకుని కంతు కట్టారు. మరచుట్టును ఎవరూ ముట్టుకోలేదు.

చట్టం ఏం చెబుతుంది?

తూకాలకు, కొలతలకు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ఉంది. ప్యాకెట్ సరుకులకు 2011 నాటి నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం లీటరు సీసాలో 15 మిల్లీలీటర్ల వరకు వచ్చే తేడాను పొరపాటుగా చూస్తారు. కానీ అధికారులు ఒక్క సీసానే చూడరు. చాలా సీసాలు తీసి సగటు చూస్తారు. ఆ సగటు చీటీ మీద రాసినదాని కన్నా తగ్గకూడదు. అంటే ఒక సీసాలో కాస్త తగ్గితే ఇంకో దాంట్లో కాస్త పెరిగి ఉండాలి. అన్నిటిలో తగ్గిస్తే అది తప్పే. దానికి జరిమానా ఉంటుంది.

వ్యాపారి చెప్పింది సగం మాటే. మిగిలిన సగం చదివితేనే తెలుస్తుంది.

ఇంకా ఎలాంటి మరలున్నాయి?

నూనె, తేనె, షాంపూ లాంటి చిక్కటి వాటికి పిస్టన్ మర వాడతారు. నీళ్ళ సీసాలకు, కూల్ డ్రింకులకు సీసాలో ఒకే ఎత్తు దాకా నింపే మరలు ఎక్కువ. పెద్ద డబ్బాలకు తూకం వేస్తూ నింపే మరలున్నాయి. డబ్బా తక్కెడ మీదే ఉంటుంది. బరువు సరిపోగానే ధార ఆగుతుంది. పెద్ద కంపెనీల్లో సీసాలు గుండ్రంగా తిరుగుతూ నిండుతాయి. ఏ మర అయినా తనంతట తాను న్యాయం చేయదు. దాన్ని సరిచేసి పెట్టేది మనిషే.

కొనేటప్పుడు ఇవి చదవండి

• లోపలి సరుకు ఎంత? లీటరా, తక్కువా? లీటరు కన్నా తక్కువ ఉన్న ప్యాకెట్లు కూడా చూడటానికి లీటరు ప్యాకెట్ల లాగే ఉంటాయి. సైజు చూసి మోసపోవద్దు. అంకె చదవండి.

• గ్రాములు ఎన్ని? రెండు రకాల నూనె ప్యాకెట్లను పోల్చేటప్పుడు గ్రాములు చూడండి.

• గరిష్ఠ చిల్లర ధర ఎంత? పన్నులన్నీ అందులోనే ఉంటాయి. అంతకన్నా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

• ఎవరు నింపారు? పేరు, చిరునామా ఉన్నాయా?

• ఏ నెలలో, ఏ సంవత్సరంలో నింపారు?

• ఆహార లైసెన్సు నంబరు ఉందా? అందులో 14 అంకెలు ఉంటాయి.

కొలత తగ్గిందని అనుమానం వస్తే సీసా మూత తీయకండి. బిల్లు దాచుకోండి. తూనికలు, కొలతల శాఖ అధికారికి చెప్పండి. 1915 నంబరుకు ఫోను చేసి కూడా చెప్పొచ్చు. అది వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు.

కొత్త మాటలు

సిలిండరు – పిస్టన్ కదిలే గొట్టం

వ్యాకోచం – వేడికి వస్తువు పెరగడం

సగటు – అన్నీ కలిపి, ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది

మిల్లీలీటరు – లీటరులో వెయ్యో వంతు

జవాబులు చెప్పండి

1. మరలో కొలత దేనిమీద ఆధారపడి ఉంటుంది?

2. మూడో సీసాలో నూనె ఎందుకు తగ్గింది?

3. మధ్యాహ్నం నాలుగు సీసాల్లోనూ నూనె ఎందుకు తగ్గింది? కోడలు ఆ కారణం ఎలా పట్టుకుంది?

4. వ్యాపారి సలహా మీ సంఘానికి ఇస్తే మీరు ఏమంటారు? నలుగురూ కూర్చుని మాట్లాడండి.

లెక్క చెయ్యండి

1. ఖాళీ సీసా 30 గ్రాములు. నిండు సీసా 934 గ్రాములు. నూనె ఎన్ని గ్రాములు? 910 గ్రాములకు ఎంత తక్కువ?

2. నాలుగు సీసాల్లో నూనె 908, 912, 911, 909 గ్రాములు ఉంది. సగటు ఎంత? ఈ కొలత సరైనదేనా?

3. సీసాకు 5 మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తే 600 సీసాలకు ఎన్ని లీటర్లు పోతుంది?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న నూనె ప్యాకెట్ తీసుకోండి. దాని మీద లీటర్లు, గ్రాములు, ధర, నెల, సంవత్సరం వెతికి మీ నోటు పుస్తకంలో రాయండి. పక్కింటివాళ్ళు కొన్న ఇంకో రకం ప్యాకెట్‌తో పోల్చండి. ఏది చవకో లెక్క కట్టి మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.